పంతులిల్లు ఎవరి పేరున ఉంది

మా అత్త వరలక్ష్మమ్మకి డెబ్భై ఆరేళ్ళు. పెళ్ళయి బిలాయి వచ్చేక మరోదా అనే సెక్టారులో కంపెనీ క్వార్టర్లో ముప్ఫై నాలుగేళ్ళు ఉంది. మావగారు రిటైరయ్యేక క్వార్టరు ఖాళీ చేసి అదే ఊళ్ళో కోహ్కాలో అద్దెకి దిగేం. అదీ పాతికేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆవిడ 'మా ఇల్లు' అన్నది ఒక్కదాన్నే, అది బిలాయిలో లేదు. బొబ్బిలికి అవతల గెడ్డవలసలో ఉంది. ఆ ఇంటి కోసం కిందటేడు ఆవిడ చేసిన పని మా వీధిలో అందరికీ తెలుసు గాని, ఒకొక్కరూ ఒకోలా చెప్పుకుంటున్నారు. నేను కోడల్ని, పక్కనే ఉన్నదాన్ని. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి.

ఆ ఇల్లు కట్టించినాయన దక్షిణామూర్తి పంతులుగారు. బళ్ళో చెప్పేవారు. మూడు గదులు, వీధరుగు, వెనకాల నుయ్యి, పైన పెంకులు. ఆయనకి పిల్లల్లేరు. ఆయన పోయేక భార్య లలితాంబగారు విజయనగరంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ, పదేళ్ళు తమ ఇంట్లో పనిచేసిన మనిషికి ఇల్లు ఇచ్చేసేరు. ఆ మనిషి మా మావగారి తండ్రి. బదులుకి ఆవిడ ఒక పాడి ఆవుని తోలుకుపోయేరు. తెల్లకాగితం మీద రాసిచ్చేరట. దాన్ని చెదలు తినేసింది. అప్పట్లో దానికి ఎవరూ బెంగపెట్టుకోలేదు. గ్రామకంఠం జాగా అంటే ఊరు కూర్చున్న నేల, ఎవరు కాపురం ఉంటే వాళ్ళది, రిజిస్ట్రీ కాగితాలు ఉండవు. ఎవరిల్లు ఏదో ఊరందరికీ తెలుసు. ఆవుకి మారిన ఇంటిని ఊరు మాత్రం పంతులిల్లనే పిలుస్తూ ఉండిపోయింది.

ఆ తండ్రికి ఇద్దరు కొడుకులు. పెద్దాయన అప్పలసూరి, చిన్నాయన సింహాద్రి. సింహాద్రి మా మావగారు.

అరవై ఒకటో సంవత్సరంలో బిలాయి ఉక్కు ప్లాంటులో పనికి రమ్మని ఉద్యోగాల ఆఫీసు నించి కాగితం వచ్చింది. వచ్చింది పెద్దాయన పేరున. ఆయనకి అప్పటికే కనకరత్నంతో పెళ్ళయింది. రేకుపెట్టె పట్టుకుని రైలెక్కేడు. పార్వతీపురంలో దిగిపోయి సాయంత్రానికల్లా ఇంట్లో ఉన్నాడు. ఏటయిందిరా అంటే, బండిలో ఎవరో చెప్పేరట, అక్కడ ఇనుము నీళ్ళలాగ పారుతుందని. నేను చూడలేను నాన్నా అన్నాడు. వారం తిరక్కుండా అదే పెట్టె, అదే కాగితం పట్టుకుని చిన్నాయన వెళ్ళేడు. పంతొమ్మిదేళ్ళవాడు. పేరేమిటని అడిగితే అప్పలసూరి అని చెప్పేడు. అంతే, ఆ రోజు నించి బిలాయిలో ఆయన అప్పలసూరే.

వెళ్ళేముందు అన్నదమ్ములిద్దరూ తండ్రి ఎదురుగా మాటనుకున్నారు. పొలం అన్నది, ఇల్లు తమ్ముడిది. అన్న రోడ్డు పక్కన వేరే ఇల్లు వేసుకుని పొలం చేసుకున్నాడు. తమ్ముడు బిలాయి నించి వచ్చినప్పుడల్లా పంతులింటికి ఒక పని చేయించేవారు. ఒకసారి పెంకులు తిరగేయించేరు, ఒకసారి నూతికి ఒరలు దింపించేరు. వేసవి సెలవులకి మా ఆయన్నీ ఆడపడుచుల్నీ తీసుకుని అందరూ అక్కడే ఉండేవారు.

ప్లాంటు టోకెను, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల బడి సర్టిఫికెట్లు, అన్నిట్లోనూ అప్పలసూరే. తోటి పనివాళ్ళు సూరి భయ్యా అనేవారు. అన్నగారి వయసు కాగితంలో ఉంది కనక రెండేళ్ళు ముందుగానే రిటైరు చేసేసేరు. ఆయన కిక్కురుమనలేదు. ఆ భయం ఆయనకి చివరిదాకా ఉండేది. ఎక్కడైనా అసలు పేరు బయటపడితే ఉద్యోగం పోతుంది, కేసవుతుంది అని.

ఆ భయంతోటే ఒక పొరపాటు చేసేరు. పంతులింటికి ఇంటిపన్ను ఏటా ఇక్కడినించే మనియార్డరు కట్టేవారు. సెక్టారు పోస్టాఫీసులో అందరూ ఆయన్ని ఎరుగుదురు. అక్కడ సింహాద్రి అని రాస్తే ఎవరీ సింహాద్రి అంటారని, పంపేవారి పేరు దగ్గర అప్పలసూరి అనే రాసేవారు. పంచాయతీ గుమస్తా ఆ పేరు చూసి రసీదు అదే పేరున కోసి ఊళ్ళో అన్నగారింట్లో ఇచ్చేసేవాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళు. తన ఇంటికి తను కట్టిన పన్నుతోటే ఇల్లు అన్నగారి పేరులోకి వెళ్ళిపోయింది.

అన్నదమ్ములున్నంతకాలం దీనివల్ల ఏ గొడవా రాలేదు. పెద్దాయన పోయేక, మావగారూ పోయేక, మా ఆయన లక్ష్మీప్రసాద్ దీన్ని సరిచేద్దామనుకున్నారు. ఫారం తెచ్చుకుని కూర్చున్నారు. తండ్రి పేరు రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. సింహాద్రి అంటే ఆయన పదో తరగతి సర్టిఫికెట్టు ఒప్పుకోదు. అప్పలసూరి అంటే ఇల్లు ఒప్పుకోదు. తరవాత చూద్దాంలే రేఖా అని మడతపెట్టి బీరువాలో పెట్టేరు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఫారం అక్కడే ఉంది. నేను తియ్యలేదు.

కిందటేడు మాఘమాసంలో మా అమ్మాయి అపర్ణ ఫోనుకి ఊళ్ళోంచి ఒక ఫొటో వచ్చింది. సర్వేవాళ్ళు ఊళ్ళో ఇళ్ళన్నీ కొలిచి ఏ ఇల్లు ఎవరిదో గ్రామ సచివాలయం గోడకి జాబితా అంటించేరట. అపర్ణ స్మృతి నగర్‌లో లేబొరేటరీలో పనిచేస్తుంది. పుట్టి పెరిగింది ఇక్కడే, హిందీ గడగడా చదువుతుంది, తెలుగు మాత్రం ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటుంది. అలాగే చదివింది. పంతులిల్లు, యజమాని కీర్తిశేషులు అప్పలసూరి, వారసుడు సురేశ్. సురేశ్ అంటే పెద్దాయన కొడుకు, మా ఆయనకి తమ్ముడి వరస. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఫలానా తారీఖున గ్రామసభలో చెప్పుకోవాలి అని కింద ఉంది.

అత్తకి చదువు రాదు. ఇంకోసారి చదవమంది. రెండోసారీ అదే వచ్చింది.

అపర్ణ అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. నానమ్మా, మన దగ్గర కాగజ్ అంతా పక్కాగా ఉంది, నీ పింఛను పుస్తకంలో నువ్వు అప్పలసూరి భార్యవి, నాన్న అప్పలసూరి కొడుకు, ఇల్లు అప్పలసూరిదే అయితే సగం మనకి రావాలి కదా, ఎవరూ కాదనలేరు అంది. తెలివైన మాటే. నాకూ నిజమే అనిపించింది.

అత్త దానివేపు తిరిగింది. "సగం ఇంటికోసం నన్ను బావగారికి పెళ్ళాన్ని అయిపోమంటావేటి" అంది.

అపర్ణ నాలిక కరుచుకుంది. అప్పుడు అత్త మెల్లిగా చెప్పింది. మీ తాతకి ఈ ఊళ్ళో ఎక్కడా పేరు లేదు. చచ్చిపోయినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్టులో కూడా అన్నగారి పేరే. ఆ మనిషి పుట్టినట్టు, బతికినట్టు లోకంలో ఒక్క కాగితం లేదు. ఒక్కదాంట్లోనైనా ఉండాలి. ఆ ఇల్లు ఆయన పేరునే రాయించాలి, అది నేనున్నప్పుడే జరగాలి. ఇది చెప్పి లేచి బట్టలు సర్దుకుంది.

సభకి మూడ్రోజులు ముందు నేనూ అత్తా బయల్దేరేం. దుర్గులో బండెక్కితే తెల్లారేక పార్వతీపురం వచ్చింది. స్టేషను రాగానే అత్త కిటికీలోంచి తొంగి చూసి, బావగారు దిగిపోయింది ఇక్కడేనట అంది. బొబ్బిలిలో దిగి ఆటోలో ఊరెళ్ళి కనకరత్నం ఇంట్లోనే దిగేం. మరెక్కడ దిగుతాం, పంతులింట్లో సురేశ్ ఊకబస్తాలు వేసుకున్నాడు.

కనకరత్నం అత్తకి ఎనభై దాటింది. అరుగు మీంచి లేవకుండానే పలకరించింది. "రావే బిలాయి దొరసానీ. కాగితాల్లో నువ్వు నా సవితివటగదా, నా మొగుడికి రెండో కాపురం ఉన్నట్టు ఇన్నాళ్ళూ నాకు తెలీదు."

"తెలిస్తే ఏం చేసేదానివప్పా, చీపురు తిరగేసేదానివా" అంది మా అత్త. మావేపు అక్కని అప్ప అంటారు. ఇద్దరూ నవ్వేరు. తోటికోడళ్ళిద్దరూ కలిసినప్పుడల్లా అంతే, ముందు నవ్వులు, తరవాత దెప్పులు.

సురేశ్ చెడ్డవాడు కాదు. కాళ్ళకి నీళ్ళిచ్చేడు, వదినా అని నన్ను మా ఆయన గురించి అడిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంటి మాట వచ్చేసరికి మాత్రం గట్టిపడిపోయేడు. రోడ్డు వెడల్పయ్యేక పంతులింటి జాగా కోసం ఎవరో గోదాముకని అడుగుతున్నారట. రసీదులన్నీ నాన్న పేరున ఉన్నాయి చిన్నమ్మా, నేను రాయించినవి కావు కదా అన్నాడు. అందులో అబద్ధం లేదు. తరవాత గొంతు తగ్గించి చెప్పేడు. ఇల్లు సింహాద్రిదని నువ్వు సభలో అంటే, మరి బిలాయిలో పనిచేసిన అప్పలసూరి ఎవరని అడుగుతారు, రాసుకుంటారు, నీ పింఛను నువ్వే కోసుకున్నదానివవుతావు. కావలిస్తే వేసవిలో వచ్చి ఉండడానికి ఒక గది ఉంచుతాను.

నేను ఇంటి లెక్క వేసుకున్నాను. మా ఇంట్లో నెలనెలా తప్పకుండా వచ్చేవి రెండే, అపర్ణ జీతం, ఆ పింఛను.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ పెరట్లో చింతపండు పిక్కలు తీస్తూ కూర్చున్నారు. నేను పీచు ఏరుతున్నాను. మా అత్త ఉన్నట్టుండి అడిగేసింది. అప్పా, ఆ ఇల్లు ఎవరిదో నీకు తెలీదా?

తెలుసు, అంది కనకరత్నం అత్త. మరెందుకు మాట్లాడవు అంటే, చేతిలో తొన గుట్టలో పడేసింది. అప్పుడు చెప్పింది, మేమెవరం ఎప్పుడూ వినని సంగతి. కరువొచ్చిన ఏడు పెద్దాయన రైల్వేలో గ్యాంగుపనికి పేరు రాయించుకుందామని ఉద్యోగాల ఆఫీసుకి వెళ్ళేడట. వాళ్ళు రిజిస్టరు తీసి, అప్పలసూరి అని ఈ ఊరివాడు బిలాయిలో పనిలో ఉన్నాడు కదా, నువ్వెవరివి అని అడిగేరట. ఆయన నేను తమ్ముణ్ణండి అని చెప్పి వచ్చేసేడు. తమ్ముడికి ఎక్కడ ముప్పొస్తుందో అని. తరవాత ఎక్కడా పేరు రాయించుకోలేదు. ఆ ఏడు వాళ్ళు ఎడ్లని అమ్ముకున్నారు.

"మీరు వేసవికి బిస్కట్లు పట్టుకుని వచ్చేవారు" అంది కనకరత్నం అత్త. "నా మొగుడు సొంతూళ్ళో తన పేరు తను చెప్పుకోలేకపోయేడు. ఆ మాట మీలో ఒక్కళ్ళు ఎప్పుడైనా అన్నారా?"

మా అత్త చేతులు ఆగిపోయేయి. ఇల్లు అడగడానికి వచ్చిన మనిషికి, తనే ఇవ్వాల్సినది ఉందని అప్పుడు తెలిసింది. మాకు తెలీదప్పా అంది. ఆ మాట సరిపోదని ఆవిడకే అనిపించినట్టుంది. పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"మీ ఆయన పేరు మీద నేను అరవై ఏళ్ళు అన్నం తిన్నాను. రేపు పదిమందిలో ఆ మాట నేనే చెప్తాను. పింఛను పోతే పోనీ. నీ మొగుడి పేరు నీకిచ్చేస్తాను, నా మొగుడి పేరు నాకిప్పించు."

కనకరత్నం అత్త ఇంకో తొన అందుకుని పిక్క తీసింది. కాసేపయ్యేక మా అత్త గుట్టలోంచి ఒక తొన తీసి చూపించి, ఇందులో పిక్క ఉండిపోయింది, కళ్ళు కనిపించవేటి నీకు అంది. మళ్ళీ ఇద్దరూ పనిలో పడ్డారు.

గ్రామసభ బడి ఆవరణలో పెట్టేరు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల. బల్ల దగ్గర సర్వే అమ్మాయి కూర్చుంది. పాతికేళ్ళు కూడా ఉండవు గాని ప్రతివాళ్ళనీ ఓపిగ్గా అడుగుతోంది. పంతులిల్లు అని పిలిచేక సురేశ్ లేచి రసీదుల కట్ట బల్లమీద పెట్టేడు. ఆ అమ్మాయి తిప్పి చూసింది. అన్నీ ఒకే పేరు, సరిగ్గానే ఉంది అంది. అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడిగింది.

మా అత్త లేచింది. ఇల్లు నా భర్తదమ్మా అంది.

మీ భర్త పేరు చెప్పండి అంది ఆ అమ్మాయి.

మావేపు పెద్దవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. బావగారి పేరూ అనరు. బిలాయిలో ఏ ఆఫీసుకి వెళ్ళినా పేరు అడిగితే అత్త పక్కకి తిరిగేది, మా ఆయనో నేనో చెప్పేవాళ్ళం. అక్కడా జనం నావేపు చూసేరు, చెప్పమ్మా అని ఎవరో అన్నారు. నేను నోరు తెరిచేను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"సింహాద్రి" అంది. బల్లదాకా వినపడలేదు. మళ్ళీ అంది. "నా మొగుడి పేరు సింహాద్రి. బిలాయిలో వాళ్ళన్నగారి పేరు చెప్పి పనిచేసేడు. ఆ అన్నగారు అప్పలసూరి. ఈ ఊళ్ళోనే ఉండి పొలం దున్నుకున్నాడు. తమ్ముడి కోసం ఆయన తన పేరు వదులుకున్నాడు. ఆ పేరు మీద మేం అన్నం తిన్నాం, పిల్లల్ని పెంచుకున్నాం. రాసుకో తల్లీ."

ఆ అమ్మాయి కలం కిందపెట్టింది. ఇది రాస్తే మీ వాంగ్మూలం అవుతుంది మామ్మగారూ, కింద వేలిముద్ర వెయ్యాలి, మీకేదైనా ఇబ్బంది రావచ్చు, ఆలోచించుకోండి అంది. ఆలోచించుకునే బండెక్కేను అంది మా అత్త.

సురేశ్ ఊరుకోలేదు. అన్నీ నోటి మాటలే, రసీదుల మాటేమిటి అన్నాడు. ఆ అమ్మాయి పంచాయతీ పాత పుస్తకం తెప్పించింది. పన్ను కట్టిన ప్రతి ఏడూ పక్కన మనియార్డరు అని రాసుంది. ఊళ్ళో ఉన్న మనిషి మనియార్డరు ఎందుకు కడతాడండి అని అడిగింది. సురేశ్ తడబడ్డాడు. నాన్న అప్పుడప్పుడు బిలాయి వెళ్ళేవాడు, అక్కడ ఉన్నప్పుడు కట్టేడేమో, కావలిస్తే మా అమ్మనడగండి అన్నాడు.

అడిగేరు. కనకరత్నం అత్త కర్ర ఊతం చేసుకుని లేచింది. కొడుకువేపు చూడలేదు, మా అత్తవేపూ చూడలేదు. బల్లవేపే చూసి చెప్పింది.

"నా మొగుడి పేరు అప్పలసూరి. ఆయన జన్మలో పార్వతీపురం దాటలేదు. కొలిమికి భయపడి తిరిగొచ్చేసేడు. ఆ ఇల్లు నా మరిది సింహాద్రిది."

ఎవరో ఫక్కున నవ్వేరు. తరవాత అందరూ. కనకరత్నం అత్తకీ నవ్వాగలేదు, అరవై ఏళ్ళకి మొగుడి పేరు పలికిన సిగ్గు ఒకటి. చెంగు అడ్డం పెట్టుకుని కూలబడింది. మా అత్త వెళ్ళి పక్కన కూర్చుంది. సర్వే అమ్మాయి ఇద్దరి వేలిముద్రలూ తీసుకుంది. సాక్షి సంతకం ఎవరు పెడతారు అంది. కాసేపు చూసి సురేశే లేచేడు. ఈ ముసలమ్మలిద్దరూ ఒకటైపోయేక నేనింకేం చేస్తానండి అంటూ సంతకం పెట్టేడు. సాయంత్రానికి ఊకబస్తాలు తనే మోసుకుపోయేడు.

నెల్లాళ్ళకి కొత్త జాబితా వచ్చింది. ఆ తరవాత కాగితం వచ్చింది. వరలక్ష్మమ్మ, భర్త కీర్తిశేషులు సింహాద్రి. అపర్ణ ఈసారి కూడబలుక్కోకుండా చదివింది, అన్నిసార్లు చదివించింది మరి వాళ్ళ నానమ్మ. నేను ఆ కాగితాన్ని మా ఆయన ఫొటో ముందు ఒక్క పూట ఉంచి తీసేసేను.

పింఛను సంగతి ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అడిగితే ఇలాగే చెప్తానంటోంది అత్త. ఎవరూ అడక్కుండానే చెప్పడం కూడా మొదలుపెట్టింది. కాగితం వచ్చిన ఆదివారం బూందీ లడ్డూలు చేయించి కోహ్కా వీధంతా పంచింది. సూరి భయ్యా అని మీరు పిలిచిన మనిషి సింహాద్రి అని ఇంటింటికీ చెప్పింది. మా అద్దింటి యజమానురాలు సాహూ దీదీకి మూడుసార్లు విడమరచి చెప్పాల్సొచ్చింది. అర్థమయ్యేక ఆవిడ ఇంకో లడ్డూ అడిగి తీసుకుంది.

ఆఖర్న మావగారితో ఒకే షిఫ్టులో చేసిన శంకరరావుగారింటికి వెళ్ళేం. ఆయనకి ఎనభై మూడు. లడ్డూ చేతిలో పట్టుకుని అంతా విన్నారు. తినలేదు. వాళ్ళ కోడలు వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, గుమ్మంవేపు ఒకసారి చూసి, నా పేరూ శంకరరావు కాదు వరలక్ష్మమ్మా అన్నారు. అది మా మేనమామ కొడుకు పేరు. అరవై రెండులో ఆ పేరుతోటే వచ్చేను అని చెప్పేరు.

మా అత్త పళ్ళెం నా చేతికిచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. "మరి నీ పేరేటి అన్నయ్యా?"

"పైడిరాజు" అన్నారు ఆయన, వినపడీ వినపడకుండా.

"కోడలికి వినపడాలి" అంది మా అత్త. ఆయన ఇంకోసారి చెప్పేరు, ఈసారి వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.